క్యాండిల్ మార్చుకోమన్నాను

నీళ్ళ ఫిల్టర్లు అమ్మే పనిలో కొత్తగా చేరినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను గొప్ప సేల్స్‌మన్‌ని కాదు. వనపర్తిలో ఒకే దుకాణంలో ఇరవై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. రిటైరయ్యానని నేనంటాను. మా సేటు మాత్రం "భాయ్‌ని ఇగ ఇంట్ల కూసో అన్న" అంటాడు. రెండు మాటలూ నిజమే.

అయినా ఇన్నేళ్ళలో నేను గట్టిగా నేర్చుకున్నది ఒకటుంది. కంపెనీవాళ్ళు హైదరాబాదులో హోటలు గదిలో కూర్చోబెట్టి ఇచ్చిన శిక్షణలో అది లేదు. గద్వాల అవతల కాలువ పని దగ్గర, ఒక తుమ్మచెట్టు చాటున, కడుపు పట్టుకుని కూర్చున్నప్పుడు నేర్చుకున్నాను. అన్నం తింటూ చదివేవాళ్ళు ముందు అన్నం కానివ్వండి.

మాటలతో జాగ్రత్తగా ఉండాలని నాకు అంతకుముందే తెలిసి ఉండాల్సింది. మా వైపు ఊళ్ళలో ఫిల్టర్ అంటే యంత్రం కాదు, క్యాన్లలో నీళ్ళు నింపి అమ్మే చోటు. గోపాల్‌పేటలో ఒక పెద్దాయనకు ఇంట్లో పెట్టుకునే ఫిల్టర్ గురించి అరగంట చెప్పాను. ఆయన అంతా ఓపిగ్గా విని, "మా ఊరి ఫిల్టర్ బస్టాండు కాడున్నది గద సారూ. దాన్ని తెచ్చి నా ఇంట్ల పెడితే ఊరోళ్ళు ఊకుంటరా?" అని అడిగాడు. ఆ సంగతి పదిమందికి చెప్పి నవ్వించానే తప్ప నేను బుద్ధి తెచ్చుకోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం దుకాణానికి ముప్పై దాటిన ఒకామె వచ్చింది. బల్మూర్ దగ్గర పల్లె వాళ్ళది. భర్త గుంపు మేస్త్రి. అంటే పదిహేను ఇరవై మంది కూలీలను కూడగట్టుకుని కాలువ పనులకూ రోడ్డు పనులకూ వెళ్ళే మనిషి. అప్పుడు పదహారు మందున్న ఆ గుంపుకంతా ఈమె వంట చేస్తుంది. వెంట ఏడేళ్ళ కూతురు ఉంది.

"సార్, మాకొక ఫిల్టర్ గావాలె. మాతోని వచ్చేది" అంది.

"మీతోని వచ్చుడేందమ్మా? ఫిల్టర్ గోడకు ఉంటది."

"మాకు గోడ లేదు సార్."

ఆ మాటతో నేను ఆగాల్సింది. కానీ నెల తిరిగేలోపు గోడ యంత్రాలు ఇన్ని అమ్మాలని సేటు చెప్పి ఉన్నాడు. వాళ్ళు పోయేది గద్వాల అవతల కాలువ పనికట. కరెంటు ఉందా అని అడిగాను. కాంట్రాక్టరు గదిలో ఉంటుందట, వీళ్ళ డేరాలకు రాదట. నల్లా ఉందా అన్నాను. ట్యాంకరు వస్తుందట, రాని రోజు కాలువ నీళ్ళేనట. మా యంత్రానికి కావలసిన మూడూ ఆమె దగ్గర లేవు. అయినా నా నోరు ఊరుకోలేదు. "ఎన్నడన్న కరెంటు ఇస్తరు గదమ్మా, తీస్కపోయి పెట్టుకోండి" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే చిరాకేస్తుంది.

ఆమె కోప్పడలేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసి చెప్పింది.

"పోయినేడు కాల్వ పనిలనే అందరికి వాంతులు, బేదులు. ఈ పిల్లకు ఐదు దినాలు దవాఖానల గ్లూకోజు ఎక్కిచ్చిన్రు. చేతికి నరం దొర్కకపోతే కాలికి గుచ్చిన్రు. మల్ల గట్లయితే ఈ పిల్ల తట్టుకోదు సార్. ఇడిసిపెట్టి పోదమంటే చూస్కునేటోళ్ళు లేరు."

నాకు నిజంగా సిగ్గేసింది. గోడ యంత్రం రంగు రంగుల కాగితాలు మూసేసి, లేచి లోపలికి నడిచాను.

మా దగ్గర ఇంకో రెండు రకాలుండేవి. ఒకటి సీసా. ఒత్తితే లోపలున్న ఫిల్టర్ గుండా నీళ్ళు నోట్లోకి వస్తాయి. నల్లమలలో తిరిగేవాళ్ళు, శ్రీశైలం కాలినడకన పోయేవాళ్ళు కొంటారు. ఒక్క మనిషికి, రెండు మూడు రోజుల దారికి మంచిదే. ఎండలో మట్టి తవ్వే పదహారు మందికి అది ఏ మూలకూ సరిపోదు. రెండోది గోదాములో దుమ్ము పట్టి ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ము, ఒకదాని మీద ఒకటి. పై డ్రమ్ములో నీళ్ళు పోస్తే, అడుగున నిలబెట్టిన నాలుగు తెల్లటి మట్టి గొట్టాల గుండా బొట్టు బొట్టుగా కిందికి దిగుతాయి. దానికి కరెంటు వద్దు, నల్లా వద్దు, గోడ అసలే వద్దు. ఉప్పు నీళ్ళను తియ్యగా చేయలేదు గానీ, మట్టినీ, బేదులు తెచ్చే పురుగునూ ఆపుతుంది. ఆ మట్టి గొట్టాలను మా వ్యాపారంలో క్యాండిళ్ళు అంటారు.

ఆమె డ్రమ్మును చంకకెత్తుకుని నాలుగడుగులు నడిచింది. దించి, బోర్లించి, దాని మీద కూర్చుంది.

"ఏం చూస్తున్నవమ్మా?"

"లారీల ఎవరో ఒకరు దీనిమీద కూసుంటరు సార్. వంగుతదా లేదా చూస్తున్న."

ఇరవై మూడేళ్ళలో నాకు తారసపడిన అందరిలోకీ ఫిల్టర్‌ను సరిగ్గా పరీక్షించింది ఈమె ఒక్కతే. క్యాండిళ్ళను నాలుగు రోజులకోసారి బయటికి తీసి మెత్తటి బ్రష్షుతో రుద్దాలనీ, సబ్బు తగలనీయొద్దనీ, పగిలితే మార్చాలనీ చెప్పాను. ప్రతి మాటకూ తల ఊపింది. తల ఊపితే అర్థమైనట్టేనని నేననుకున్నాను.

ఆమె వెళ్ళాక సేటు అందుకున్నాడు. "గోడది అమ్మమంటే గోదాంల మూలకున్నది అమ్మినవా భాయ్" అన్నాడు. మా మెకానిక్కు లోకంలోని కష్టాలన్నిటికీ మోటరే కారణమని నమ్మే మనిషి. అతను కూడా పెదవి విరిచి, "దాన్ల మోటరే లేదు. ఖరాబైతే మనకేం పనుంటది?" అన్నాడు. నేను లెక్కచేయలేదు. ఎవరికేది కావాలో అది ఇచ్చానని నాకు మహా గర్వంగా ఉంది. ఇంటికెళ్ళి మా ఆవిడకు కూడా చెప్పాను. ఆమె "మంచిది, చాయ్‌పత్తి తెచ్చినవా?" అని అడిగింది.

నెలన్నర తర్వాత ఫోనొచ్చింది. ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను, బొమ్మ తీసి పంపడానికి వీల్లేనిది.

"సార్, క్యాండిల్ పగిలింది. కడుగుతుంటే జారింది."

"గంతే గద. పరేషాన్ గావద్దు. క్యాండిల్ మార్చుకోండి. ఒకటి పగిలినంక నాలుగు మార్చుడు ఇంక మంచిది."

"యాడ దొర్కుతయి సార్?"

"ఏ దుకాణంలనన్న అడుగుండ్రి. క్యాండిల్ అంటే ఇస్తరు."

నా మనసులో ఉన్నది స్టీలు సామాన్ల దుకాణం. నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఏ దుకాణమైనా అని.

మూడు రోజులకు మళ్ళీ ఫోను.

"సార్, నీళ్ళు మస్తు జల్ది దిగుతున్నయి. పైన పోసేసరికి కింద ఉంటున్నయి."

"కొత్త క్యాండిళ్ళు గదమ్మా. గట్లనే ఉంటది."

ఆమె "గట్లనే ఉంటదా?" అని అడిగింది.

"గట్లనే ఉంటది" అన్నాను, డాక్టరు రోగికి ధైర్యం చెప్పినట్టు.

ఆ వారం చివర, శనివారం సాయంత్రం, దుకాణం మూసే ముందు మూడో ఫోను.

"సార్, నీళ్ళు మోంబత్తి వాసన గొడుతున్నయి."

నా చేతిలో షట్టరు కడ్డీ ఉంది. అది పట్టుకునే అడిగాను. "ఏం క్యాండిల్ పెట్టిన్రమ్మా?"

"చర్చిల పెట్టేటియే. పండుగకని తెచ్చుకున్న డబ్బ మాతోనే ఉండె. మల్ల దుకాణానికెందుకని అయ్యే పెట్టినం."

పిల్ల ఎలా ఉందని అడిగేలోపే లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్. ఎన్నిసార్లు చేసినా స్విచాఫే.

వాళ్ళు క్రైస్తవులు. కరెంటు పోతే ఇంట్లో ముట్టించే కొవ్వొత్తి వాళ్ళకు మోంబత్తి, చర్చిలో ముట్టించేది క్యాండిల్. ఆ మాట వాళ్ళకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నేను నెలన్నర కింద వచ్చి అదే మాటకు ఇంకో అర్థం ఉందని చెప్పకుండా అంటగట్టాను. పైగా చూడబోతే రెండూ తెల్లగా, గుండ్రంగా, నిటారుగా నిలబడేవే. కాలువ నీళ్ళు ఏ అడ్డూ లేకుండా కింది డ్రమ్ములోకి దిగుతుంటే, గట్లనే ఉంటది అన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆదివారం పొద్దున్నే నాలుగు మట్టి క్యాండిళ్ళను లుంగీలో చుట్టుకుని బస్సెక్కాను. పెబ్బేరు దాటేదాకా కిటికీలోంచి ఏం చూశానో గుర్తు లేదు. ఆ పిల్ల కాలికి గుచ్చిన సూది ఒక్కటే కళ్ళముందు తిరిగింది. గద్వాలలో దిగేసరికి ఎండ దంచుతోంది, నాలుక పిడచగట్టుకుపోయింది. దుకాణం గోడ నిండా వేలాడే సీసాల్లో ఒక్కటి సంచిలో వేసుకోవాలని నాకు తోచలేదు. బస్టాండు బయట బండి దగ్గర ఏదో తాగి, ఇంకో బస్సెక్కి, చివర ఒక ఆటో మాట్లాడుకున్నాను. ఆటో ఆయనది సరిహద్దు ఊరు. కాలువ పని ఎక్కడని అడిగితే "స్వల్ప ముందుకు పోవాలె" అన్నాడు. ఆ స్వల్పం గంట పట్టింది.

డేరాల దగ్గర మనిషి జాడ లేదు. పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. అందరినీ దవాఖానకు తీసుకుపోయారని అనుకున్నాను. నీడ కోసం సిమెంటు బస్తాల చాటుకు వెళ్ళి కూర్చోబోయాను. ఆ బస్తాలకు అవతల పట్టా కింద పాట వినిపించింది. ఆదివారం కదా, అందరూ ప్రార్థనలో ఉన్నారు. తలలు లెక్కపెట్టాను. పదహారూ ఉన్నాయి. ముందు వరుసలో ఆ పిల్ల మెడ గోక్కుంటూ పాడుతోంది. నేను అక్కడే నేలమీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను.

ప్రార్థన అయ్యాక ఆమె నన్ను చూసి ఉలిక్కిపడింది. "గింత దూరం వచ్చిన్రేంది సార్?"

"మీకేం కాలేదా? ఫోనన్న ఎత్తకపోతిరి."

"ఫోన్ల చార్జింగు లేదు. మాకేమైతది?"

"ఆ నీళ్ళు తాగి..."

"ఆ నీళ్ళు ఉత్తగ ఎవలు తాగిన్రు? మీరు గట్లనే ఉంటదన్నరు గని నాకు నమ్మకం కుదర్లే. బొట్టు బొట్టు దిగేటియి ఒక్కపారే ఎట్ల ఉర్కుతయి? ఆ దినం సంది కాగబెట్టి పోస్తున్న. కట్టెలు ఏరలేక అందరి నడుములు పడిపోతున్నయి."

మేస్త్రి డ్రమ్ము మూత తీసి చూపించాడు. లోపల నాలుగు చోట్ల మోంబత్తులు బారుగా నిలబడి ఉన్నాయి. ముట్టించడం ఒక్కటే తక్కువ.

"మీరిచ్చినంత లావువి లేవు సార్. అందుకే మూడు మూడు కలిపి దారంతోని కట్టిన. మైనం కరిగిచ్చి అడుగుకు అతికిచ్చిన. సూడు, ఊపినా పడవు" అని ఊపి చూపించాడు. నిజంగానే పడలేదు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. వాటి పక్కనే, అసలు క్యాండిళ్ళు ఉండాల్సిన నాలుగు రంధ్రాలూ నోరు తెరుచుకుని ఉన్నాయి. పనికొచ్చే మూడు పాత క్యాండిళ్ళేమో పిల్లల చేతికి పోయాయి, వాటితో బండ మీద గీతలు గీసి ఆడుతున్నారు.

తప్పు నాదేనని అందరిముందూ చెప్పాను. లుంగీ విప్పి మట్టి క్యాండిల్ చేతికిచ్చి, దాని గోడలోంచి నీళ్ళు ఎలా దూరుతాయో చూపించాను. గుంపంతా నవ్వింది. మేస్త్రి ముఖం చిన్నబోయింది. అది చూసి ఆమె, "మాట సార్‌ది, మోంబత్తులు మనయి. చెరి సగం" అని తేల్చేసింది.

మైనం గోకి, నాలుగూ బిగించి, నీళ్ళు పోశాను. అవి దిగేలోపు అన్నం పెట్టారు. భోజనమయ్యాక ఆమె కింది డ్రమ్ములోంచి గిలాసు నింపి నా చేతికిచ్చింది. "మీరు ముందు తాగుండ్రి" అంది. పదహారు మందీ చుట్టూ నిలబడ్డారు. నేను దుకాణంలో చేసినట్టే గిలాసు పైకెత్తి వెలుతురులో చూపించి, గటగటా తాగి, మూతి తుడుచుకున్నాను. "చూసిన్రా? ఏం గాదు" అన్నాను.

పావుగంటలో నా కడుపులో ఏదో తిరిగింది. ఆ తర్వాత నేను తుమ్మచెట్టు వైపు నడిచాను. రెండోసారి నడవలేదు, పరిగెత్తాను. మొదటిసారి అందరూ మర్యాదగా వేరే వైపు చూశారు. మూడోసారికి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను తిరిగి వస్తుంటే మేస్త్రి ఎవరితోనో "గా మోంబత్తులే నయముండె" అంటున్నాడు.

డేరాలో పడుకోబెట్టి, కాచిన నీళ్ళలో ఉప్పూ చక్కెరా కలిపి ఆమె నా పక్కన కూర్చుంది. అప్పటిదాకా సార్ అన్నది, ఆ పూట నుంచి అన్నా అనడం మొదలుపెట్టింది. అన్నిసార్లు పరిగెత్తినవాణ్ణి సార్ అనడం ఎవరికైనా కష్టమే.

"అన్నా, పొద్దుగాల సంది ఏమేం తాగినవ్? ఒక్కొక్కటే చెప్పు."

"చాయ్."

"మల్ల?"

"మల్లేం లేదు."

"నా దగ్గర దాస్తే నాకేం నష్టం లేదు. మల్ల ఉరికేది నువ్వే."

"గద్వాలల చెరుకు రసం."

"ఐసు ఏసిన్రా?"

"ఏసిన్రు."

"ఎన్ని గిలాసలు?"

"రెండు."

పట్టా అవతల నవ్వు ఆగలేదు. ఇరవై మూడేళ్ళు ఊరూరా తిరిగి, బయట దొరికే ఐసు ముట్టుకోవద్దని చెప్పిన మనిషిని నేను. రెండో గిలాసులో ఐసు ఇంకాస్త వెయ్యమని నేనే అడిగాను. ఆ ముక్క మాత్రం ఆమెకు చెప్పలేదు, ఇప్పుడు మీకు చెప్తున్నాను.

అయితే నా కడుపు చెడింది చెరుకు రసం వల్లనా, నా ఫిల్టర్ వల్లనా అన్నది ఆ డేరాల్లో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. నాకు తెలుసు. నాకు తెలిసినంత మాత్రాన వాళ్ళకు ఒరిగేదేముంది? సాయంత్రం పిల్ల గిలాసు పట్టుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. తల్లి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"తొమ్మిది దినాలు నేనొక్కదాన్నే ఈ నీళ్ళు తాగుత. వీళ్ళందరికి కాగబెట్టినయే. నాకేం గాకుంటే అప్పుడు పిల్లకు పోస్త" అంది.

"ఎందుకమ్మా? మంచి నీళ్ళని నేను చెప్తున్న గద" అన్నాను పడుకునే.

"చెప్పినవ్ అన్నా. గట్లనే ఉంటదని గూడ చెప్పినవ్."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ బాధేసింది. కంపెనీ నాకు నీళ్ళు పరీక్షించే మీటరిచ్చింది, పుస్తకమిచ్చింది, మెడలో వేసుకునే కార్డు ఇచ్చింది. ఆమెకున్నది తన కడుపు ఒక్కటే, దాన్ని పిల్ల కడుపుకు ముందు పెడుతోంది. నా మాట వల్ల ఒక తల్లికి ఆ అవసరం వచ్చింది. తలొంచుకుని ఆమె ఇచ్చిన ఉప్పు నీళ్ళు తాగాను.

వనపర్తికి తిరిగొచ్చాక రెండు మార్పులు చేసుకున్నాను. క్యాండిల్ అనడం మానేసి మట్టి గొట్టం అన్నాను. ఏ ఫిల్టర్ అమ్మినా చివర్లో, "నేనేం చెప్పిన్నో జర మీరు నాకు చెప్పుండ్రి" అని అడగడం మొదలుపెట్టాను. మీరూ ఒక్కసారి అడిగి చూడండి. సబ్బు పెట్టొద్దని మీరు చెబితే, ఏ సబ్బు మంచిదని చెప్పారో గుర్తు లేదంటారు. నీళ్ళు ఎక్కడివి, కరెంటు ఉందా, మోసేదెవరు, కడిగేదెవరు అని మనం అడిగి తెలుసుకుంటాం గానీ, మన మాట వాళ్ళ చెవిలో ఏమై దిగిందో అడగం. సేటుకు ఈ పద్ధతి నచ్చలేదు. బేరానికి అరగంట పడుతోందని గొణిగేవాడు.

ఆ తొమ్మిది రోజులూ ఫోను చొక్కా జేబులోనే పెట్టుకున్నాను. నేనే చేద్దామని ఎన్నోసార్లు తీశాను, నంబరు చూసి మళ్ళీ జేబులో వేశాను. ఏమని అడగను? నీ కడుపెట్లుందమ్మా అనా? తొమ్మిదో రోజు ఫోను రాలేదు. పదో రోజూ రాలేదు. మెకానిక్కు నా ముఖం చూసి, జీవితంలో మొదటిసారి మోటరు ఊసెత్తకుండా, "వస్తది తీ" అన్నాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం మోగింది. నేను హలో అనేలోపే ఆమె అందుకుంది.

"పిల్లకు పోసిన అన్నా. తాగి ఇంకో గిలాస అడిగింది."